రెక్క లోపలి చేతులు: బెంగళూరు విమానాల చరిత్రలో ఇరుకు చోటి పని



మన సరిహద్దు జిల్లాల్లో బెంగళూరు పేరెత్తితే ప్రతి ఇంటికీ ఎవరో ఒక బంధువు గుర్తుకొస్తారు. హిందూపురం, మదనపల్లె, పలమనేరు, ముళబాగిలు, చింతామణి ప్రాంతాల నుంచి పొట్ట చేతబట్టుకుని ఆ నగరానికి వెళ్ళినవారు రెండు మూడు తరాలుగా ఉన్నారు. అలా వెళ్ళినవారిలో కొందరు విమానాల ఫ్యాక్టరీలో చేరారు. "మావాడు విమానాలు చేస్తాడు" అని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నాం. కానీ విమానం చెయ్యడమంటే ఏమిటి, ఆ పనిలో మనిషి శరీరానికి ఎదురయ్యే కష్టమేమిటి అని అడిగినవాళ్ళు తక్కువ. ఈ రోజు ఆ సంగతే చెప్పుకుందాం.

విమానం బయటి నుంచి చూస్తే నున్నగా, విశాలంగా కనిపిస్తుంది. లోపల చూస్తే అంతా అరలు, గదులు, సందులే. రెక్కలో అడ్డంగా పక్కటెముకల వంటి పలకలు, నిలువునా దూలాలు, వాటి మీద పలుచని అల్యూమినియం రేకు. తోక వైపు పోయేకొద్దీ విమానం గరాటులా సన్నబడుతుంది. ఆకాశంలో బరువే శత్రువు కాబట్టి విమానంలో ఎక్కడా అవసరానికి మించిన చోటు ఉంచరు. గాలికి అనువైన ఆకారాన్ని గాలే నిర్ణయిస్తుంది. అందులో పనిచేసే మనిషి భుజాల కొలత ఎవరూ అడగరు. ఆ సందుల్లోకే మనిషి చెయ్యి పోవాలి, ఒక్కోసారి తలా భుజాలూ పోవాలి, ఒక్కోసారి మనిషే పోవాలి.

ముందుగా రివెట్టు సంగతి చూద్దాం. మన వంటింట్లో బాణలికి చెవులు ఎలా అతికి ఉంటాయో గమనించండి. చిల్లులో చిన్న లోహపు ముక్క దూర్చి, రెండో వైపు కొట్టి తల చదును చేస్తారు. అదే రివెట్టు. విమానపు రేకులన్నీ అలాంటి వేల రివెట్లతోనే కలిసి ఉంటాయి. బాణలినైతే దాగలి మీద పెట్టి కొట్టవచ్చు. రెక్కను దాగలి మీద పెట్టలేం. అందుకే దాగలినే రెక్క లోపలికి తీసుకుపోతారు. బయట ఒకరు గాలితో నడిచే తుపాకీ వంటి సుత్తితో రివెట్టు తల మీద కొడుతుంటారు. లోపల ఇంకొకరు అరచేతిలో పట్టే ఉక్కు దిమ్మెను రివెట్టు కొసకు ఆనించి పట్టుకుంటారు. దెబ్బ బయటి నుంచి వస్తుంది, తల లోపల తయారవుతుంది.

ఇందులో లెక్క ఖచ్చితంగా ఉంటుంది. కొట్టకముందు రివెట్టు కొస దాని మందానికి ఒకటిన్నర రెట్లు బయటికి రావాలి. కొట్టిన తర్వాత ఏర్పడ్డ తల వెడల్పు కూడా మందానికి ఒకటిన్నర రెట్లుండాలి, ఎత్తు సగం ఉండాలి. దిమ్మె కాస్త వాలితే తల ఒక పక్కకు ఒరుగుతుంది. దిమ్మె జారితే రేకు సొట్టపోతుంది. లోపలి మనిషి ఇదంతా తరచు కంటితో చూడలేడు; వేలి కొసతో తడిమి తెలుసుకుంటాడు. కొన్నిచోట్ల పుల్లకు కట్టిన చిన్న అద్దంలో చూసుకుంటాడు. అద్దంలో కుడి ఎడమవుతుంది కాబట్టి ఆ చూపుకు చెయ్యి అలవాటు పడడానికి కూడా కొంత కాలం పడుతుంది.

ఆ మోతలో మాట వినబడదు. అందుకని కొట్టేవారికీ పట్టేవారికీ మధ్య ఒక దెబ్బల భాష ఏర్పడింది. లోపలి నుంచి రేకు మీద ఒకసారి తడితే "ఇంకా కొట్టు" అని. రెండుసార్లు తడితే "బాగుంది, తర్వాతది" అని. మూడుసార్లు తడితే "చెడిపోయింది, తీసెయ్యాలి" అని. ఆ లోహపు డొల్లలో మోత రోజూ వినీ వినీ వయసు మళ్ళకముందే వినికిడి తగ్గినవారు ఈ వృత్తిలో ప్రపంచమంతటా ఉన్నారు. చెవులకు రక్షణ తప్పనిసరి అన్న నియమం ఆలస్యంగా వచ్చింది.

ఇక చరిత్రలోకి వద్దాం. 1940 డిసెంబరులో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సంస్థానం కలిసి బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించారు. అప్పుడు మైసూరు దివాను సర్ మీర్జా ఇస్మాయిల్. యంత్రాలూ అనుభవజ్ఞులూ అమెరికన్ విమాన వ్యాపారి విలియం పాలే ద్వారా వచ్చారు. 1941 ఆగస్టులో హార్లో అనే చిన్న శిక్షణ విమానం ఇక్కడ బిగింపు పూర్తి చేసుకుని ప్రభుత్వానికి అందింది. తర్వాత కర్టిస్ హాక్ యుద్ధవిమానం వచ్చింది. అంతకు కొద్ది కాలం ముందు వరకు ఈ ప్రాంతపు యువకులకు లోహపు పని అంటే కమ్మరి కొలిమి, రైల్వే వర్క్‌షాపు, కోలారు బంగారు గనులు. అలాంటి చేతులే విమానపు రేకును పట్టుకున్నాయి.

కోలారు గనుల మాట వచ్చింది కనుక ఒక పోలిక చెప్పాలి. 2001లో మూతపడే వరకు ఆ గనుల్లో తెలుగు, తమిళ కార్మికులు తరతరాలు పనిచేశారు. భూమిలో మూడు కిలోమీటర్లకు పైగా లోతున, వంగి, పాకి రాయి కొట్టారు. అదే జిల్లాల నుంచి వచ్చినవారు బెంగళూరులో ఎగిరే యంత్రాల లోపల వంగి, పాకి పనిచేశారు. ఒకరి పని నేల అడుగున, ఒకరిది ఆకాశానికి. శరీరాన్ని ముడుచుకుని చీకటిలో చేతి స్పర్శను నమ్ముకోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే.

1942లో భారత ప్రభుత్వం కంపెనీ యాజమాన్యాన్ని చేపట్టింది. 1943లో యుద్ధ అవసరాల కోసం ఫ్యాక్టరీ అమెరికా వైమానిక దళం చేతికి వెళ్ళింది. బర్మా, చైనా రంగాల నుంచి దెబ్బతిన్న విమానాలు మరమ్మతుకు బెంగళూరు చేరేవి. నీటి మీద దిగగల కాటలీనా విమానాలు బెళ్ళందూరు చెరువులో దిగేవంటే నేటి బెళ్ళందూరు చూసినవారికి నమ్మడం కష్టం. కొత్త విమానం చెయ్యడం కంటే పాతదాన్ని బాగుచెయ్యడంలో ఇరుకు ఎక్కువ. కొత్తదానిలో రేకు మూసేముందు లోపలి పని ముగించుకోవచ్చు. పాతదానిలో రేకు మూసే ఉంటుంది. తనిఖీ కోసం వదిలిన చిన్న రంధ్రం గుండా చెయ్యి పెట్టి, కనబడని చోట నట్టు తిప్పాలి.

ఆ యుద్ధ కాలంలో ఈ ఇరుకు సమస్య ప్రపంచమంతటా ఉంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని విల్లో రన్ అనే చోట ఫోర్డ్ కంపెనీ లిబరేటర్ బాంబర్లను తయారుచేసింది. 1944లో ఒక దశలో గంటకొక విమానం బయటికొచ్చేది. అక్కడ రెక్కల లోపలికి దూరి రివెట్ల దిమ్మె పట్టడానికి మరుగుజ్జు మనుషులను ప్రత్యేకంగా పనిలోకి తీసుకున్నారు. అంతవరకు లోకం వేడుకగా చూసిన శరీరాలు అక్కడ అత్యవసరమైన నైపుణ్యంగా లెక్కకొచ్చాయి. యుద్ధం ముగియగానే వారిలో ఎక్కువమందికి ఆ ఉద్యోగాలు పోయాయి. చరిత్ర పుస్తకాలు విమానాల సంఖ్యను చెప్పినంత వివరంగా ఆ మనుషుల సంగతి చెప్పవు.

అదే లిబరేటర్ జాతికి చెందిన ఒక కథ మనకూ ఉంది. యుద్ధం తర్వాత ఆ బాంబర్లను కాన్పూరులో తుక్కుగా వదిలేశారు. మళ్ళీ ఎవరూ వాడుకోకుండా వాటిని కావాలనే దెబ్బతీశారు. స్వతంత్ర భారతదేశానికి బాంబర్లు కావాలి, కొనడానికి డబ్బు లేదు. 1948లో బెంగళూరు నుంచి వెళ్ళిన బృందాలు ఆ తుక్కులోనే భాగాలు ఏరుకుని, ఒక్కసారి ఎగరగలిగేంత వరకు వాటిని బాగుచేశాయి. కంపెనీ టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒకటొకటిగా బెంగళూరుకు నడిపి తెచ్చారు. అలా నలభైకి పైగా వచ్చాయి. ఇక్కడ వాటికి పూర్తి మరమ్మతు జరిగింది. ఆ విమానాలు 1968 వరకు మన వైమానిక దళంలో ఉన్నాయి.

లిబరేటర్ చూడడానికి పెద్ద విమానమే. కానీ దాని పొట్టలో బాంబుల గది మధ్య నుంచి పోయే నడవ వెడల్పు సుమారు తొమ్మిది అంగుళాలు. అంటే జానెడు. దాని మీద నిలబడి, అటూ ఇటూ ఒరగకుండా, పైనున్న గొట్టాలూ తీగలూ సరిచెయ్యాలి. ఎవరో కావాలని పాడుచేసిన యంత్రంలో ఎక్కడ ఏ తీగ తెగిందో, ఏ గొట్టం నలిగిందో వెతకాలి. మున్షీగారు ఆ విమానం ఎక్కి కూర్చున్నప్పుడు ఆయన ప్రాణం ఆధారపడింది ఆ జానెడు నడవలో నిలబడి పనిచేసినవారి నిజాయితీ మీద. వారి పేర్లు మనకు అందలేదు.

1951 ఆగస్టులో డాక్టర్ వి.ఎం. ఘాటగే నాయకత్వంలో రూపొందిన హెచ్.టి.-2 శిక్షణ విమానం ఎగిరింది. దాన్ని గాలిలోకి లేపింది కూడా మున్షీగారే. తర్వాత 1956లో జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ బెంగళూరు వచ్చారు. ఆయన బృందం, మన ఇంజనీర్లు కలిసి మారుత్ జెట్ యుద్ధవిమానాన్ని రూపొందించారు. జెట్ తయారీకి ముందు అదే కొలతలతో కొయ్యతో ఇంజను లేని గ్లైడర్ చేసి, 1959లో డకోటా విమానానికి కట్టి లాగించి పరీక్షించారు. మారుత్ 1961 జూన్‌లో ఎగిరింది. దాన్ని నడిపిన వింగ్ కమాండర్ సురంజన్ దాస్ 1970 జనవరిలో మారుత్‌లో మరో రకాన్ని పరీక్షిస్తూ ప్రమాదంలో మరణించారు. బెంగళూరులో ఆయన పేరిట రోడ్డుంది. మీలో చాలామంది ఆ దారిన బస్సులో పోయి ఉంటారు.

ఇరుకు అనే మాటకు సరైన ఉదాహరణ మాత్రం నాట్ విమానం. ఈ బ్రిటిష్ నమూనా తయారీకి 1956లో ఒప్పందం కుదిరింది. పొడవు సుమారు 29 అడుగులు, రెక్కల వెడల్పు సుమారు 22 అడుగులు. మన ఆర్.టి.సి. బస్సు కంటే పొట్టి. అందులోనే జెట్ ఇంజను, ఇంధనం, రెండు ఫిరంగులు, చక్రాలు, పైలట్. 1965 యుద్ధంలో ఇది పేరు తెచ్చుకుంది. శత్రువు కంటికి ఆనని ఆ చిన్నతనమే దాని బలం. ఫ్యాక్టరీలో, స్థావరాల్లో దాన్ని బాగుచేసేవారికి ఆ చిన్నతనమే పరీక్ష.

నాట్‌ను మెరుగుపరచి మనవాళ్ళు అజీత్ చేశారు. అది 1975లో ఎగిరింది. అందులో ఒక ముఖ్యమైన మార్పు, రెక్కనే ఇంధనపు తొట్టిగా మార్చడం. వినడానికి సులువుగా ఉంది. చెయ్యడం వేరు. విడిగా తొట్టి ఉండదు కాబట్టి ప్రతి అతుకూ ప్రతి రివెట్టూ కారకుండా లోపలి నుంచి బంకవంటి పూతతో మూయాలి. ఎక్కడ వెంట్రుకంత సందు మిగిలినా కిరోసిన్ వంటి ఆ ఇంధనం దారి వెతుక్కుంటుంది. కారినచోటే సందు ఉంటుందనీ లేదు. లోపల ఒక చోట దూరి, ఇంకెక్కడో బయటపడుతుంది. మన మిద్దె కారినప్పుడు తేమ ఒక గదిలో, పగులు ఇంకో గది మీద ఉన్నట్టే. ఇలాంటి తొట్టెల్లో పనిచేసేటప్పుడు పూతల, ద్రావకాల ఆవిరి తలకెక్కుతుంది, నిప్పు భయమూ ఉంటుంది. అందుకే గాలి ఆడించే గొట్టం పెట్టాలి, నిప్పురవ్వ రాని దీపమే వాడాలి. మనిషి లోపలికి దూరవలసినంత పెద్ద తొట్టి అయితే, బయట ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. బావిలో పూడిక తీసేటప్పుడు గట్టు మీద ఒకరు నిలబడాలన్న మన పల్లె నియమమే ఇది.

కాలంతో పందెం కూడా ఉంటుంది. కొన్ని గట్టి రివెట్లను ముందు కొలిమిలో కాచి, నీళ్ళలో చల్లార్చి, వెంటనే శీతలపెట్టెలో పెడతారు. ఈ అల్యూమినియం మిశ్రమం మామూలు వేడిమిలో ఉంటే తనంతట తానే గట్టిపడుతుంది. ఈ గుణాన్ని ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ విల్మ్ గుర్తించాడు. పెట్టెలోంచి తీసిన కొద్ది సేపట్లోనే రివెట్టు కొట్టెయ్యాలి. బెల్లం పాకం దింపాక ఉండలు కట్టడానికి ఎంత వ్యవధి ఉంటుందో, ఇదీ అలాంటిదే. ఇరుకులో ఒళ్ళు ముడుచుకున్న మనిషికి ఈ తొందర కూడా తోడవుతుంది.

ఇంకొక నియమం చెప్పాలి. లోపలికి ఎన్ని పనిముట్లు వెళ్ళాయో అన్నీ బయటికి రావాలి. మరిచిపోయిన ఒక చిన్న స్పానరు గాలిలో జారి నియంత్రణ కడ్డీల మధ్య ఇరుక్కుంటే విమానం కూలవచ్చు. అందుకే ఒక పలక మీద ప్రతి పనిముట్టు ఆకారాన్నీ గీసి, దాని చోటులోనే వేలాడదీస్తారు. ఖాళీ బొమ్మ కనిపిస్తే విమానాన్ని కదలనివ్వరు. పిల్లలకు లెక్కలు నేర్పే మాకు ఇది ఆదర్శమనిపిస్తుంది. ఇక్కడ నూటికి తొంభై తొమ్మిది మార్కులు తెచ్చుకున్నవాడూ తప్పినట్టే.

ఇప్పుడు ఒక మలుపు. విమానం పెద్ద ఫ్యాక్టరీలోనే పుట్టాలా? అమెరికాలో 1953లో ఔత్సాహికుల సంఘం ఒకటి ఏర్పడింది. మామూలు ఉద్యోగులు, రైతులు, ఉపాధ్యాయులు ఇంటి షెడ్డులో చిన్న విమానాలు కట్టుకోవడం మొదలుపెట్టారు. అక్కడా ఇరుకు తప్పలేదు. లోహపు విమానమైతే తోక గొట్టంలోకి పలక వేసుకుని దాని మీద పడుకుని పాకి, దిమ్మె పట్టాలి. ఆ పని తరచు ఇంట్లో సన్నగా ఉన్నవారికి పడుతుంది. భర్త బయట సుత్తి పట్టుకుంటే భార్యో కూతురో లోపల దిమ్మె పట్టుకుని కట్టిన విమానాలు ఎన్నో ఉన్నాయి.

1970లలో బర్ట్ రుటాన్ అనే అమెరికన్ రూపకర్త మరో దారి చూపాడు. నురుగు దిమ్మెను వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, దాని మీద గాజు నారబట్టను బంకతో అతికిస్తే రెక్క తయారు. అచ్చు అక్కరలేదు, రివెట్టు అక్కరలేదు. ఆయన లాంగ్-ఈజీ అనే రెండు సీట్ల విమానం ఇంట్లో కట్టుకునేవారికి ఎంతో నచ్చింది. ఇరుకు మాత్రం మరోచోట తేలింది. వెనక సీటు వెనక, ఇంజను ముందు ఉండే చిన్న సందులో చక్రాల బిగింపూ నియంత్రణ తీగలూ అన్నీ చేరాయి. కట్టేవాళ్ళు దానికి నరకపు బిలం అని సరదాగా పేరు పెట్టుకున్నారు.

ఆ లాంగ్-ఈజీ నమూనానే బెంగళూరులో మన జాతీయ వైమానిక ప్రయోగశాల తీసుకుని ఒక చిన్న పరిశోధన విమానం కట్టింది. అది 1987లో ఎగిరింది. అమెరికాలో ఇంటి షెడ్డు కోసం గీసిన నమూనా ఇక్కడ ప్రభుత్వ పరిశోధకులకు పాఠ్యపుస్తకమైంది. నార, బంక కలిసిన మిశ్రమ పదార్థంతో మొత్తం విమానం ఎలా కట్టాలో చేత్తో చేసి నేర్చుకోవడమే లక్ష్యం. అప్పుడు ఆ సంస్థ డైరెక్టరు రొద్దం నరసింహగారు. ఆయన బెంగళూరులో పుట్టి పెరిగినా ఇంటి పేరు మన రొద్దం ఊరిదే. పూర్వం అనంతపురం జిల్లాలో ఉండి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. తండ్రి భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కన్నడంలో విజ్ఞాన రచయిత. విద్యార్థి దశలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆవరణలో ఉంచిన ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని చూసి ఆయన ఈ శాస్త్రం వైపు మళ్ళారు. 2020లో కన్నుమూశారు.

ఆ చిన్న విమానం నేర్పిన పాఠం వృథా పోలేదు. అదే సంస్థ మిశ్రమ పదార్థంతో హంస అనే రెండు సీట్ల శిక్షణ విమానాన్ని 1990లలో తయారుచేసింది. 2001 జనవరి 4న తేజస్ యుద్ధవిమానం బెంగళూరు ఆకాశంలోకి లేచింది. ఆ కార్యక్రమానికి సారథ్యం వహించిన డాక్టర్ కోట హరినారాయణగారు ఒడిశాలోని గంజాం నుంచి, అంటే మనలాగే ఒక సరిహద్దు జిల్లా నుంచి వచ్చినవారు. తేజస్ దేహపు బరువులో సుమారు 45 శాతం మిశ్రమ పదార్థమే. పైరేకునూ లోపలి బద్దెలనూ విడివిడిగా చేసి రివెట్లతో కలిపే బదులు, కొన్ని భాగాలను ఒకేసారి వేడిలో ఉడికించి ఏకఖండంగా తీస్తారు. అప్పుడు భాగాలు తగ్గుతాయి, రివెట్లు తగ్గుతాయి. లోపలికి చెయ్యి పెట్టవలసిన అవసరమూ కొంత తగ్గుతుంది.

కొంతే తగ్గుతుంది. ఇప్పటికీ తీగలు వెయ్యాలి, గొట్టాలు బిగించాలి, తనిఖీ చెయ్యాలి. గీత గీసేవారు ఆ సందులోకి మనిషి చెయ్యి ఎలా పోతుందో కాగితం మీదే ఆలోచిస్తే, తర్వాత ముప్పై ఏళ్ళు ఆ విమానాన్ని చూసుకునేవారి నడుములు నిలబడతాయి. ఆలోచించకపోతే పది నిమిషాల పని పూటంతా పడుతుంది. చెయ్యి సరిగా అందనిచోట చేసిన పనిలోనే తప్పు దాక్కుంటుంది. కాబట్టి ఇరుకు అన్నది సౌకర్యం మాట కాదు, ప్రాణం మాట.

శ్రోతలారా, విమానాల చరిత్రలో రూపకర్తల పేర్లున్నాయి, పైలట్ల పేర్లున్నాయి. ఉండాలి కూడా. వాల్‌చంద్, ఘాటగే, టాంక్, మున్షీ, దాస్, నరసింహ, హరినారాయణ వంటి వారికి మనం ఋణపడి ఉన్నాం. కానీ రెక్క లోపల మూడుసార్లు తట్టి "ఇది చెడింది, తీసెయ్యి" అని చెప్పిన మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరూ చూడనిచోట చేసిన తప్పును తానే ఒప్పుకుని మళ్ళీ చేసిన ఆ నిజాయితీ లేకుంటే, ఆ పెద్ద పేర్లలో ఏదీ మిగిలేది కాదు.

బెంగళూరులో పాత విమానాశ్రయం రోడ్డున విమానాల ప్రదర్శనశాల ఉంది. అక్కడ మారుత్, అజీత్ విమానాలను దగ్గరగా చూడవచ్చు. పిల్లలను తీసుకువెళ్ళినప్పుడు పొడవెంత, వేగమెంత అన్న బోర్డు చదివి వచ్చెయ్యకండి. రేకు మీద వరసగా ఉన్న చుక్కలను చూపించండి. ఒక్కొక్క చుక్క వెనక లోపలి వైపు ఒక చెయ్యి పనిచేసిందని చెప్పండి. మీ ఊళ్ళో, మీ బంధువుల్లో విమానాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దలుంటే వారి దగ్గర కూర్చోండి. కాస్త బిగ్గరగా మాట్లాడండి. వారి చెవులు మన విమానాల కోసం కొంత అరిగిపోయి ఉండవచ్చు. ఏ విమానంలో, ఏ మూల, ఏ పని చేశారో అడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. తెలుగులో రాసినా సరే, కన్నడంలో రాసినా సరే. పుస్తకాలకెక్కని చరిత్రకు ఆ నోటుపుస్తకమే ఆధారం.